తెలియదని చెప్పాలట

"పిల్లాడేడమ్మా?" అని అడిగింది కౌంటర్లో అమ్మాయి, తలెత్తకుండానే.

రావియా వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. గోడ మీద పచ్చరంగు బాతులు, వాటి కింద చిట్టి చిట్టి కుర్చీలు. ఆ కుర్చీల్లో ఒకదాంట్లో ఇందాకట్నించీ మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు ముడుచుకుని కూర్చున్నది తనే.

"పిల్లాడు లేడు. పరీక్ష నాకు."

అమ్మాయి అప్పుడు తలెత్తింది. ఎదురుగా ముప్ఫైనాలుగేళ్ళ మనిషి, బూడిదరంగు ముసుగు, పేము బద్దలు కోసి కోసి గీతలు పడ్డ వేళ్ళు. "అమ్మా, ఇది ఎదుగుదల సమస్యలు చూసే చోటు. పిల్లలకి."

"పెద్దయితే అవి పోతాయా?"

ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. కౌంటర్ అమ్మాయికి నవ్వొచ్చి, మళ్ళీ సిగ్గేసి, ఏదో కాగితం తిరగేసింది. పెద్దవాళ్ళకి కూడా చేస్తారట గానీ నాలుగు సార్లు రావాలట. రుసుం చెప్పింది. అది రావియా నాలుగు నెలల జీతం. మరి సర్కారు ఆసుపత్రిలోనో? అక్కడ ఊరికే చేస్తారు, కానీ వరసలో పేరు రాయించుకుంటే పిలుపు ఎనిమిది నెలలకి.

"నాకు ఈ నెలాఖరుకి కావాలి" అంది రావియా.

"నాకూ చాలా కావాలమ్మా" అంది ఆ అమ్మాయి. నీకేం కావాలి అని అడిగింది రావియా. అమ్మాయి పక్క గదిలోకి లేచి వెళ్ళిపోయింది.

దమియెత్తా పట్నంలో కుర్చీ చేయని వీధి లేదు. రావియా పనిచేసే తొల్బా మేస్త్రీ దుకాణం కాలువ వెనక సందులో ఉంది. ఆయన చట్రాలు బిగిస్తాడు, రావియా, ఆమె పక్కన కూర్చునే హనీన్ వాళ్ళమ్మ అనే ఆవిడా సీట్లు అల్లుతారు. నానిన పేము బద్దని చట్రం అంచున కన్నంలోంచి పైకి లాగి, ఎదుటి కన్నంలోకి దించి, జారకుండా చెక్క చీల గుచ్చాలి. నిలువు రెండు వరసలు, అడ్డం రెండు, ఆ తర్వాత ఏటవాలు అటొకటి ఇటొకటి. హనీన్ వాళ్ళమ్మ మధ్యలో కన్నం తప్పి, నాలుక కరుచుకుని, విప్పి మళ్ళీ అల్లుతుంది. రావియా తప్పదు. పదిహేనేళ్ళలో ఒక్క కన్నం తప్పలేదు.

మిగతా వాటిల్లోనే రావియాకి తంటా. మూడు పనులు ఒకేసారి చెబితే మొదటిదే గుర్తుంటుంది. చిల్లర లెక్క తెమలదు. రంపం మోత మొదలైతే చెవులు మూసుకుని సందులోకి పోతుంది. ఒకసారి తొల్బా మేస్త్రీ "నేనొచ్చేదాకా ఈ నిచ్చెన పట్టుకో" అని చెప్పి, ఫోనొస్తే అటే భోజనానికి పోయాడు. రెండు గంటలు పోయి వచ్చేసరికి నిచ్చెన పట్టుకునే ఉంది మహాతల్లి. నవ్వలేక ఏడవలేక, ఆయన ఆ రోజునించీ మాట ఆచి తూచి చెబుతాడు.

ఇప్పుడా దుకాణం మూతపడుతోంది. కొత్త రోడ్డు మీద కట్టిన ఫ్యాక్టరీకి తొల్బా మేస్త్రీ జీతానికి వెళ్తున్నాడు. హనీన్ వాళ్ళమ్మని తీసుకుంటామన్నారు. రావియాని తీసుకోవాలంటే రాతపరీక్ష అడ్డం. "వికలాంగుల కార్డున్న వాళ్ళకి అక్కడ వేరే కోటా ఉందే, రాతపరీక్ష లేదు" అన్నాడు మేస్త్రీ. "నీకు పుట్టుకతో ఏదో ఇబ్బందుందని డాక్టరు రాసిచ్చిన కాగితం తీసుకెళ్తే సర్కారు ఆ కార్డిస్తుంది. నెలాఖరులోగా పట్రా. మిగతాది నేను మాట్లాడతా."

పుట్టుకతో ఉందన్న సంగతి ఊరంతటికీ తెలుసు. నాలుగో తరగతిలో పంతులమ్మకీ తెలుసు, పెళ్ళిచూపులకొచ్చి చాయ్ తాగకుండా లేచిపోయిన వాళ్ళకీ తెలుసు. కాగితం మీదే ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం రావియా ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు ఇద్దరు మగవాళ్ళు టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నారు. ఒకడు అంకెలు చెబుతున్నాడు, రెండోవాడు ఫోన్‌లో ఎక్కించుకుంటున్నాడు. అన్న వగ్దీ వాళ్ళ పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఎందుకు కొలుస్తున్నారన్నా?"

"టైల్స్ వేయిద్దామనిలే."

"వీధి గోడకా?"

వగ్దీ ఆమె తల మీద చెయ్యి వేశాడు. నాన్న పోయిన రోజు వేశాడు అలా, మళ్ళీ ఈ రోజే. రావియాకి ఒళ్ళంతా బిగుసుకుంది గానీ చెయ్యి తీసేదాకా కదలకుండా నిలబడింది.

ఇల్లు నాన్నది. కింద రావియా గది, దాని పక్కన తను పేము నానేసుకునే కుళాయి తొట్టి. పైన వగ్దీ, వదిన నహీద్, ముగ్గురు పిల్లలు. నాన్న పోయాక ఇంట్లో రెండు వంతులు వగ్దీవి, ఒక వంతు రావియాది. నాన్న అంత ఒంట్లో బాగోకపోయినా లేచి కూర్చుని ఈ ముక్క ఆమెతో పదిసార్లు చెప్పించాడు: మూడోవంతు నాది, నేను సంతకం పెడితే తప్ప ఎవరూ అమ్మలేరు. సంతకం కూడా నేర్పించాడు. కుర్చీ చట్రం వెనక బొగ్గుతో రాయించి, తుడిపించి, మళ్ళీ రాయించి.

చీకటి పడకముందే వగ్దీ కిందకి దిగాడు, చేతిలో ముషబ్బక్ పొట్లం. మన జిలేబీకి అక్కలాంటిది అది, పాకం కారుతూ. ఏ పండగా లేదు. రావియా పొట్లం వంక చూసింది, అన్న వంక చూసింది.

"తినవే. నీకిష్టమని తెచ్చా. పరీక్ష కోసం తిరుగుతున్నావటగా? మేస్త్రీ చెప్పాడు. నన్నడగొచ్చుగా పిచ్చిదానా, నేను లేనూ? పెద్దాసుపత్రిలో నాకు తెలిసినతను ఉన్నాడు. గురువారం తీసుకెళ్తా. ఒక్క గినీ ఖర్చక్కర్లేదు."

"వరస ఎనిమిది నెలలు ఉందటన్నా."

"మనకి వేరే వరస" అన్నాడు వగ్దీ.

రావియాకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అన్నకి తనంటే ఇంత ఉందా అనుకుంది పాపం. ముషబ్బక్ ముక్క విరిచి ముందు అన్నకే పెట్టింది.

మర్నాటినించీ నహీద్ వదిన పాఠం మొదలుపెట్టింది. రోజూ వంటయ్యాక కిందకి వచ్చి మంచం మీద కూర్చునేది. ఆ ఊళ్ళో ఎవరు కార్డు కోసం డాక్టర్ల ముందుకెళ్ళినా ఇంట్లో ఇలా తర్ఫీదు ఇచ్చే పంపుతారు. నడవగలిగినవాడు కుంటుతాడు, వినగలిగినవాడు ఆఁ ఆఁ అంటాడు. లేకపోతే బాగానే ఉన్నావు పొమ్మంటారు మరి.

"డాక్టరమ్మ ఏది అడిగినా తెలియదని చెప్పు. సరేనా? డబ్బు లెక్క తెలుసా అంటే?"

"కొంచెం తెలుసు."

"అబ్బా! తెలియదు అనాలే తల్లీ. సంతకం వచ్చా అంటే?"

"వచ్చు."

"రాదు! నీకు ఇల్లుందా అంటే?"

"ఉంది. మూడోవంతు—"

"తెలియదు అను." వదిన గొంతు ఒక్కసారి గట్టిపడింది, మళ్ళీ మెత్తబడింది. "నీ మంచికే చెప్తున్నా. కార్డు కావాలా వద్దా?"

"కావాలి. కానీ తెలిసింది తెలియదని ఎలా చెప్పను వదినా? నోటికి రాదు."

"అభ్యాసం చెయ్యి, అదే వస్తుంది." నహీద్ లేచి, గది నాలుగు గోడలూ ఒకసారి కలియజూసింది. తొట్టి దగ్గరకెళ్ళి కుళాయి తిప్పి కట్టేసింది. "మన్సూరా పోయే దారిలో ఒక చోటుందట తెలుసా? నీలాంటి ఆడవాళ్ళే ఉంటారు. తోట, వేళకి భోజనం. గేటు దగ్గర కాపలా కూడా ఉంటుందిట."

"నీలాంటి అంటే పేము అల్లేవాళ్ళా?"

నహీద్ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

బుధవారం దుకాణంలో రావియా చీల గుచ్చుతూ గొణుక్కుంటోంది: తెలియదు, రాదు, తెలియదు. హనీన్ వాళ్ళమ్మ వింటూ వింటూ బద్ద కింద పెట్టేసింది.

"ఏంటే ఆ జపం?"

రావియా పాఠమంతా వరసగా అప్పజెప్పింది. హనీన్ వాళ్ళమ్మ మొహంలో నవ్వు మెల్లమెల్లగా పోయింది. ఆవిడ మరిదికి కార్డుంది, ఆసుపత్రి చుట్టూ తిప్పింది ఆవిడే.

"ఇల్లుందా అని కార్డు వాళ్ళెందుకు అడుగుతారే? మా వాణ్ణి ఎవ్వరూ అడగలేదు. బట్టలు తొడుక్కోగలడా, ఒంటరిగా బస్సెక్కగలడా, అవి అడిగారు."

"మరి వదిన ఎందుకు చెప్పింది?"

"నాకేం తెలుసు తల్లీ." హనీన్ వాళ్ళమ్మ తొల్బా మేస్త్రీ వంక చూసింది. ఆయన చూపు తప్పించి రంపం అందుకున్నాడు. రావియా చెవులు మూసుకుని సందులోకి పరిగెత్తింది. ఆవిడ వెనకే వచ్చి, రంపం ఆగేదాకా ఆగి, చెవిలో మెల్లగా చెప్పింది: "ఏ కాగితమిచ్చినా చదవకుండా సంతకం పెట్టకు. ఎంతసేపు పట్టినా సరే, చదువు."

గురువారం పొద్దున్నే వదిన రావియాకి పాత గౌను తొడిగింది. దువ్వెన దాచేసింది. వగ్దీ ఆమెని తీసుకుని బస్సెక్కాడు. బస్సు కిటికీలోంచి నీరెండ. రావియా స్తంభాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. వందకి దగ్గర్లో లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టేది.

పెద్దాసుపత్రిలో మెట్ల మీదనించీ గేటుదాకా జనం. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, నాన్న చెయ్యి వదలని మీసాలొచ్చిన కొడుకులు. వగ్దీ వాళ్ళందర్నీ దాటించి, రెండో అంతస్తులో ఖాళీగా ఉన్న వరండాలో బెంచీ మీద ఆమెని కూర్చోబెట్టాడు. చేతిలో ఉన్న నీలం ఫైలు ఆమె ఒళ్ళో పెట్టాడు.

"నేను కింద సిగరెట్ తాగి ఆయన్ని కలిసొస్తా. ఇది గట్టిగా పట్టుకో. ఎవరడిగినా ఇవ్వకు. విన్నావా? ఎవరడిగినా."

"ఊఁ."

చదువురాని మనిషి చేతిలో ఫైలు భద్రం అనుకున్నాడు వగ్దీ. అక్కడే పొరబడ్డాడు. రావియాకి చదువు లేక కాదు, వేగం లేదు. నాలుగో తరగతిలో బెత్తం పట్టుకుని త్వరగా త్వరగా అంటే ఆమె నోరు మూతపడింది గానీ, నాన్న కుర్చీల కొట్లో ఆర్డరు చీటీలు నింపాదిగా చదివేది. ఈ వరండాలో త్వరగా అనేవాళ్ళెవరూ లేరు.

వేలు పెట్టి మొదలుపెట్టింది. అక్షరం, దాని పక్క అక్షరం, రెండూ ముడేస్తే ఒక ముక్క. ముక్కా ముక్కా కలిస్తే ఒక మాట. మొదటి మాట తన పేరు. రావియా సాద్. తన పేరు ఇంత మంచి కాగితం మీద అచ్చులో చూసి ముచ్చటేసింది. రెండో వరస: నా చెల్లెలు. మూడోది చాలాసేపు పట్టింది. ఎవరో నర్సు రెండుసార్లు అటూ ఇటూ పోయింది. ఎండ బెంచీ కాలి దగ్గరనించీ గోడ దాకా జరిగింది.

నా చెల్లెలు రావియా సాద్ మతి లేనిది. తన ఆస్తి తాను చూసుకోలేదు. ఆమెకు బదులు సంతకం పెట్టే హక్కు నాకు ఇప్పించమని కోర్టువారిని వేడుకుంటున్నాను.

రావియా మళ్ళీ మొదటినించీ చదివింది, ఎక్కడైనా కన్నం తప్పానేమో అని. తప్పలేదు. కింద ఇంకో వరస ఉంది. మన్సూరా, గృహం అనే మాటలు తేలాయి. తోట, వేళకి భోజనం, గేటు దగ్గర కాపలా. కుళాయి తిప్పి కట్టేసిన వదిన చెయ్యి కళ్ళముందు ఆడింది. కోపం ఇంకా రాలేదు. అన్న ముషబ్బక్ తెచ్చాడు కదా అనుకుంది. ముందు ముక్క నేనే పెట్టాను కదా.

"రావియా సాద్!" లోపలినించీ పిలుపు. ఫైలు గుండెకి హత్తుకుని లేచింది.

డాక్టర్ సుహైర్ యాభై దాటిన మనిషి, ముక్కు చివర కళ్ళజోడు, చల్లారిన కాఫీ. బల్ల మీద ఎరుపు తెలుపు చెక్కముక్కలు. ఈ బొమ్మలాగా పేర్చు అంది. రావియా చూసీ చూడగానే పేర్చేసింది. ఇంకొకటి, ఇంకొకటి. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి జరుపుకుంది. తర్వాత లెక్కలు. వందలోంచి ఏడు తీసెయ్. రాలేదు. ఆ పెన్ను తీసుకుని, తలుపు మూసి, నాకు పుస్తకమివ్వు అంది. రావియా పెన్ను తీసుకుని నిలబడిపోయింది. మొహాల ఫోటోలు చూపించి ఎవరు కోపంగా ఉన్నారంది. అందరూ ఒకేలా ఉన్నారని చెప్పింది రావియా.

డాక్టరమ్మ కోర్టునించి వచ్చిన కాగితం చూసి, రాసుకుంటూ అడిగింది: "నీకు ఇల్లుందా, రావియా?"

వచ్చేసింది ఆ ప్రశ్న.

తెలియదంటే కార్డొస్తుందేమో, ఫ్యాక్టరీ వస్తుందేమో. గది పోతుంది, తొట్టి పోతుంది, తను కాపలా ఉన్న గేటు లోపలికి పోతుంది. తెలుసంటే ఇల్లుంటుంది. కానీ బాగానే ఉన్నావు పొమ్మంటారు. తొల్బా మేస్త్రీ దుకాణం నెలాఖరుకి మూత. రెండు బద్దలూ ఒకే కన్నంలోంచి దిగాల్సి వచ్చింది.

"డాక్టరమ్మా, ఒక్క పరీక్షకి రెండు కాగితాలుంటాయా? కార్డుకి ఒకటి, కోర్టుకి ఒకటి?"

"ఉండవు. ఎవరడిగినా నేను చూసిందే రాస్తా. ఏం?"

"తెలియదని చెప్పమన్నారు."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "ఏమేం తెలియదని చెప్పమన్నారు?"

రావియా వేళ్ళు మడుస్తూ, వదిన నేర్పిన వరసలోనే చెప్పింది. "డబ్బు లెక్క తెలియదని. నిజంగానే అంతగా తెలియదు, పది దాటితే హనీన్ వాళ్ళమ్మ చూసి పెడుతుంది. సంతకం రాదని. వచ్చు." బల్ల మీదున్న కాగితం లాక్కుని పెట్టింది. చాలాసేపు పెట్టింది. డాక్టరమ్మ త్వరగా అనలేదు. "ఇల్లు తెలియదని. తెలుసు. మా నాన్నది. మూడోవంతు నాది, నేను సంతకం పెడితే తప్ప ఎవరూ అమ్మలేరు. వాళ్ళు వీధి గోడ కొలిచారు, టైల్స్‌కి అన్నారు, వీధి గోడకి టైల్స్ వెయ్యరు. నన్ను మన్సూరా దారిలో గేటున్న ఇంట్లో పెడతారు. ఇందులో ఉంది. నేను చదివాను."

"నువ్వు చదివావా?"

"ఇందాకట్నించీ."

డాక్టరమ్మ ఫైలు కోసం చెయ్యి చాపింది. రావియా ఫైలు ఇవ్వలేదు. వదలకుండానే విప్పి, తన వేలితోనే వరసలు చూపించింది. డాక్టరమ్మ మెడ చాపి చదువుకుంది. తర్వాత నాన్న గురించి అడిగింది, మాటలు ఎన్నో ఏట వచ్చాయని అడిగింది, రంపం గురించి, నిచ్చెన గురించి. నిచ్చెన మాటకి నవ్వింది గానీ ఎగతాళిగా కాదు.

"చూడు రావియా. నీకు పుట్టుకతో ఒకటుంది. రెండున్నాయనుకో. ఆటిజం అంటారు ఒకదాన్ని. రెండోది, లెక్కలూ వరస మాటలూ నీకు ఆలస్యంగా అందుతాయి. రెంటికీ సాయం కావాలి, అది రాస్తున్నా. నీ ఇల్లూ వాకిలీ సంగతి నీకు బాగా తెలుసని కూడా రాస్తున్నా. కోర్టుకి మేమే పంపుతాం. నకలు నీది."

"మతి లేదని కాదా?"

"కాదు. అది వేరు, ఇది వేరు."

రావియా బల్ల అంచు పట్టుకుంది. ముప్ఫైనాలుగేళ్ళు పిచ్చిది, మొద్దుది, మందమతి అన్నారు, అన్నీ తిట్లే. దీనికో పేరుంటుందని ఎవరూ అనలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. డాక్టరమ్మ రాసుకుంటూనే ఉంది.

"కార్డొస్తుందా?"

"అది నా చేతిలో లేదు. కాగితం పట్టుకెళ్ళి అడుగు. ఒకసారి పొమ్మంటే రెండోసారి వెళ్ళు." కాగితానికి ముద్ర వేసి ఇస్తూ, డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఇంటికి ఎవరితో వెళ్తావు?"

"అన్నతో."

"ఇంకెవరూ లేరా?"

రావియా ఆలోచించింది. "హనీన్ వాళ్ళమ్మ ఉంది. దుకాణం మూసేదాకా అక్కడే ఉంటుంది."

"అయితే ముందు అక్కడికెళ్ళు" అంది డాక్టరమ్మ.

వగ్దీ గేటు బయట గోడ నీడలో నిలబడి ఉన్నాడు. కాళ్ళ దగ్గర ఆర్పేసిన సిగరెట్లు. చేతిలో కొత్త ముషబ్బక్ పొట్లం, నూనె కాగితం మీదికి దిగుతోంది. ఆమెని చూడగానే నవ్వాడు.

"అయిపోయిందా? ఏం చెప్పావు? తెలియదనేగా?"

"తెలియనివి తెలియదన్నాను. తెలిసినవి తెలుసన్నాను."

నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మారాయి. మొహాల ఫోటోల్లో కనిపెట్టలేని రావియాకి ఇది కనబడింది.

"ఏం తెలుసన్నావు?"

"ఇల్లు."

వగ్దీ పొట్లం చంకలో ఇరికించుకున్నాడు. ఒక అడుగు ముందుకేశాడు. చుట్టూ జనం ఉన్నారు, అందుకే గొంతు పెంచలేదు. అలా మెల్లగా మాట్లాడటానికే రావియాకి ఎక్కువ భయమేసింది. "ఆ ఫైలు ఇటివ్వు."

రావియా రెండు చేతులతో ఫైలు గుండెకి అదుముకుంది. లోపల నకలు ఉంది, ముద్ర ఇంకా తడి ఆరలేదు.

"ఇవ్వవే. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. ఇటివ్వు."

"ఎవరడిగినా ఇవ్వొద్దన్నావు కదన్నా" అని, దుకాణం వైపు పోయే బస్సెక్కడాగుతుందో పక్కన నిలబడ్డ ఆడమనిషిని అడిగింది.